గోడకు అంటించిన తేదీ

చీటీ మీద రెండువందల ముప్పై ఒకటి. కౌంటరు పైన వెలుగుతున్న ఎర్ర అంకె రెండువందల పదహారు. గోడ గడియారంలో నాలుగూ అయిదు. అయిదింటికి షట్టరు దించేస్తారు, ఆ తరవాత ఎవరు వచ్చి ఎంత మొత్తుకున్నా లోపలివాళ్ళు తల ఎత్తరు. మనిషికి నాలుగేసి నిమిషాలు వేసుకుంటే ముందున్న పదిహేనుమందికి గంట, ఉన్నది యాభై అయిదు నిమిషాలు. మూడేసి వేసుకుంటే ముప్పావుగంట, గట్టెక్కుతుంది. మధ్యలో ఏ పెద్దాయనో కళ్ళజోడు వెతుక్కుంటూ నిలబడితే మళ్ళీ మొదటికి. ఆమె లెక్క వేస్తోంది, చెరిపేస్తోంది, మళ్ళీ వేస్తోంది, వేస్తూ ఉండగానే అరచేతిలో చీటీ తడిసి మెత్తబడింది. చెమట. తన చేతులకి చెమటేమిటి? చెమట పట్టని చేతులు కాబట్టే కదా మామగారు ముప్పై ఏళ్ళ కిందట తనని బైండింగు బల్ల దగ్గర కూర్చోబెట్టింది. సొంత కొడుకు పుస్తకం ముట్టుకుంటే చాలు, అట్ట మీద అయిదు వేళ్ళూ అచ్చుపడేవి. "నువ్వు పోయి బస్సు తోలుకోరా బాబూ, స్టీరింగు తడిసినా ఎవడూ అడగడు" అని వాణ్ణి పంపేసి, కొత్త కోడలి చేతులు రెండూ కిటికీ వెలుతుర్లో తిప్పి చూసి, "పొడి చేతులమ్మా నీవి" అని మురిసిపోయాడాయన. తనలో ఏదైనా చూసి మురిసిపోయిన మొదటి మనిషి ఆయనే. ఆ చేతులు ఇవాళ కారుతున్నాయి. చీటీని రుమాలుకి అద్ది, రుమాలుని మోకాలి మీద పరుచుకుంది.

ఒళ్ళో దావా కాగితాలు. నిన్న ఇదే కౌంటరులో ఇదే గుమాస్తా, సన్నటి మెడ, చెవి వెనక పెన్ను, వీటిని పైకెత్తి ఒక్కసారి ఊపాడు. లాయరు ఆఫీసువాళ్ళు గుచ్చిన ట్యాగు జారిపోయి కాగితాలు నేలంతా పరుచుకున్నాయి. "ఇట్లా తెస్తే మా దగ్గర పోతాయమ్మా, గట్టిగా కట్టించి తీసుకురండి" అని వెనక్కి తోశాడు. కట్టించి! ఊళ్ళో సగం ఆఫీసుల రిజిస్టర్లు కట్టిన మనిషితో ఆ మాట. ఒళ్ళు మండిపోయి, ఇవాళ పొద్దున్నే కూర్చుని కుట్టింది. అయిదు రంధ్రాలు, మైనం పట్టించిన దారం, వెన్నుకి గుడ్డ, తొమ్మిది ఫోటోలకీ తొమ్మిది దళసరి కాగితాలు, అంచులకి మాత్రమే మైదా జిగురు. ఎవడు ఊపుతాడో ఊపమను. కానీ జిగురు ఆరేదాకా బరువు కింద ఉంచాలి, తొందరపడి తీస్తే కాగితం ముడుచుకుంటుంది. "ఆరకపోతే కొంప మునుగుతుందా? పట్టుకుపోవే" అని మొగుడు బస్సు డ్యూటీకి వెళ్తూ అరిచాడు. కొంప మునగదు గానీ పని పాడవుతుందంది. ఆరేసరికి రెండు దాటింది, రెండు బస్సులు మారి ఇక్కడికి వచ్చేసరికి నాలుగు. ఇప్పుడు చూస్తే కొంప మునిగేట్టే ఉంది. పని మాత్రం బాగుంది.

మూడేళ్ళు అంది లాయరమ్మాయి. ఆస్తికి నష్టం జరిగిందని దావా వెయ్యాలంటే మూడేళ్ళే గడువు, ఒక్క రోజు దాటినా ఎంత న్యాయమున్నా లోపలికి రానివ్వరు ఆంటీ, నష్టం ఎంతన్నది తరవాత సంగతి, ముందు తలుపు తెరుచుకోవాలి కదా. వాళ్ళ నాన్నగారు లా పుస్తకాలన్నీ తమ వర్క్‌షాపులోనే కట్టించుకునేవాడు. ఈ పిల్ల అప్పుడు గౌనేసుకుని వచ్చి కత్తిరింపుల ముక్కలు ఏరుకుపోయేది. పోయిన నెల్లోనే ఆ పిల్ల ముందు కూర్చుంది, నల్లకోటులో ఇంతదైపోయింది. "గోడ ఎప్పుడు కూలింది ఆంటీ?" జూలై ఏడు. ఆ తేదీ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పెద్ద వాన, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లోకి వచ్చింది కాబట్టి బతికింది, చెయ్యి కడుక్కుంటూ ఉంటే వెనక వాడ మొత్తం తలుపు వేసినట్టు ఒక్క చప్పుడు. వెళ్ళి చూస్తే వర్క్‌షాపుకి ఒక పక్క గోడ లేదు. గోడ ఉండాల్సిన చోట పక్కింటి పళ్ళ డాక్టరుగారు భూమి కింద గది కోసం తవ్వించిన గొయ్యి, గోతిలో నీళ్ళు, నీళ్ళలో మునిసిపల్ లైబ్రరీవాళ్ళ మూడువందల పుస్తకాలు. పుస్తకాలు బిగించే మామగారి ఇనప ప్రెస్సు మీద దూలం పడి చక్రం విరిగింది. ఆ ప్రెస్సు ఇంకా అక్కడే టార్పాలిన్ కింద తుప్పు పడుతోంది, తను వంటింటి బల్ల మీద కుడుతోంది, కూరగాయలు పక్కకి జరిపి కుట్టడం, కుట్టింది పక్కకి జరిపి వండడం.

మూడేళ్ళు ఎక్కడికి పోయాయంటే ఏం చెబుతుంది. మనం మనం అన్నమాటలోకి పోయాయి. గోడ కూలిన సాయంత్రమే డాక్టరుగారు గొడుగేసుకుని వచ్చాడు, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకున్నాడు కూడా, "అయ్యయ్యో వదినా, మీరేం బెంగపెట్టుకోకండి, మనం మనం చూసుకుందాం, కోర్టులూ గీర్టులూ మనకెందుకు." ఆయన నోట్లోంచి మాట వస్తే నొప్పి తెలియదు, అది ఆయన వృత్తి. మొదటి ఏడు కాంట్రాక్టరు ఊళ్ళో లేడన్నాడు. రెండో ఏడు తన గది పూర్తికానివ్వండి, అదే మేస్త్రీలతో మీ గోడా లేపిస్తానన్నాడు. మూడో ఏడు ఆయన గది పూర్తయింది, కుర్చీలు వచ్చాయి, దీపాలు వచ్చాయి, పేషెంట్లు వచ్చారు. అప్పుడన్నాడు, పిట్టగోడ మీద మోచేతులు ఆన్చుకుని, "ఆ స్థలం మీకిప్పుడు దేనికి వదినా? ఈ రోజుల్లో పుస్తకాలు కుట్టించుకునేదెవరు? నాకిచ్చెయ్యండి, కార్లు పెట్టుకోడానికి పనికొస్తుంది." ఆ రోజు తెలిసింది ఆమెకి, మూడేళ్ళుగా తన నోట్లో దూది పెట్టి కూర్చోబెట్టాడని. "రాసిచ్చాడా ఏమైనా?" అని అడిగింది లాయరమ్మాయి. ఏం రాసిస్తాడు, వదినా అని పిలిచేవాడు రాసిస్తాడా? "మాట్లాడుకుంటున్నాం కదా అని గడువు ఆగదు ఆంటీ, అది దాని దారిన అది పోతూనే ఉంటుంది."

ఎర్ర అంకె రెండువందల ఇరవై అయింది. నాలుగూ ఇరవై. గుమాస్తా లేచాడు. ఎక్కడికి? గ్లాసు పట్టుకుని వెళ్తున్నాడు, టీకి. హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. పక్క కుర్చీలో లావుపాటాయన, రెండువందల ముప్పై ఆయనదే, చీటీని మడిచి పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"వెళ్ళనివ్వండి పాపం. ఆయనకీ గొంతు ఎండుతుంది కదా," అన్నాడు. "మీదేం కేసు చెల్లెమ్మా?"

"గోడండీ. పక్కవాళ్ళు తవ్వితే కూలిపోయింది."

"నాది కుర్చీలు. ఫంక్షన్లకి అద్దెకిస్తాను. నాలుగువందల కుర్చీలు వరసగా వేసి పెడితే, క్లబ్బువాళ్ళ చెట్టు, కొట్టించండి కొట్టించండి అని మొత్తుకున్న చెట్టు, తీసుకొచ్చి వాటి మీదే పడుకుంది. మనుషులు రాకముందు కాబట్టి సరిపోయింది. నాకింకా ఏడాదిన్నర టైముంది, మా ఆవిడే ఊరుకోనివ్వడం లేదు. మీకో?"

"ఇవాళే ఆఖరు."

ఆయన పళ్ళు కుట్టుకోవడం ఆపాడు. ఆమె మొహం కేసి, గడియారం కేసి, ఖాళీ కుర్చీ కేసి చూశాడు.

గడియారం చూడకూడదు, ఎక్కడో అక్కడ కళ్ళు పెట్టాలి, ఒళ్ళో కాగితాలున్నాయి, కాగితాల మీద పెట్టింది. చదవసాగింది. చదవడం మొదలుపెట్టాక గానీ ఆమెకి తట్టలేదు, వీటిని ఇంతవరకూ తను చదవలేదని. సంతకం పెట్టింది, వేలు పెట్టి చూపించిన చోటల్లా పెట్టింది, కుట్టింది, చదవలేదు. బైండింగు చేసేవాళ్ళు చదవరు. అది మామగారు పెట్టిన మొదటి షరతు. కళ్ళు అక్షరాల మీదికి పోతే చేతులు ఆగుతాయి, కుట్టు వంకరపోతుంది, పైగా జనం ఉత్తరాలు తెస్తారు, డైరీలు తెస్తారు, మనం అంచులు మాత్రమే చూడాలమ్మా, నాలుగు అంచులు కలిశాయా లేదా, అంకెలు వరసలో ఉన్నాయా లేదా. ముప్పై ఏళ్ళలో ఎన్ని వేల పుస్తకాలో, ఒక్కటి చదివిన పాపాన పోలేదు. లాయరుగారి పుస్తకాలు, ఈ పిల్ల వాళ్ళ నాన్నగారివి, గడువుల చట్టం మీద లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది, వాడి వాడి వెన్ను ఊడిపోతే రెండేళ్ళకోసారి తెచ్చేవాడాయన, దాని వీపు మీద బంగారు అక్షరాలు తనే అద్దింది. లోపల ఏముందో తెరిచి చూస్తే సొమ్మేం పోయేది? మూడేళ్ళు అన్న ముక్క తన వేళ్ళ కిందనుంచి ఎన్నిసార్లు వెళ్ళిందో. ఇప్పుడు మాత్రం చదువుతోంది, పెదవులు కదుపుతూ, బళ్ళో పిల్లలాగా. వాది వృత్తి, ప్రతివాది వృత్తి, గోడ పొడవు, వెడల్పు. అంతా తనదే, అయినా వేరే ఎవరి ఇంటి కథో చదువుతున్నట్టుంది. తరవాత ఫోటోలు. ఒకటి, గొయ్యి. రెండు, నీళ్ళలో పుస్తకాలు. అది చూడలేక గబగబా తిప్పేసింది. మూడు, ప్రెస్సు. నాలుగు.

నాలుగో ఫోటో గోడది. నిలబడి ఉన్న గోడ. దాని మీద పైనుంచి కిందకి వేలంత పగులు, పగులుకి అడ్డంగా అంటించిన కాగితపు పట్టీ, పట్టీ నడిమికి చిరిగి ఉంది, చిరిగిన ఎడమ ముక్క మీద పెన్సిలుతో, గుండ్రటి తన అక్షరాల్లో, జూన్ 14.

చూపు అక్కడే ఆగిపోయింది. హాల్లో చప్పుళ్ళన్నీ దూరంగా పోయాయి. ఆ పట్టీ తనే అంటించింది. చిరిగిన పేజీలకి అతికే పల్చటి కాగితం, వేలెడు వెడల్పు. ఆ రోజు పొద్దున గోడ మీద వెంట్రుకంత గీత కనిపించింది, పక్కింట్లో గునపాలు పడుతున్నాయి, ఒక్కో పోటుకీ బల్ల మీద జిగురు గిన్నె కదులుతోంది. పాత పుస్తకం వెన్ను చీలుతోందో లేదో తెలియాలంటే మామగారు ఇలాగే చేసేవాడు, చీలిక మీద పల్చటి పట్టీ అంటించి తేదీ వేసి పక్కన పెట్టేవాడు, వారం తరవాత చూస్తే పట్టీ చిరిగి ఉంటే వెన్ను కదులుతున్నట్టు. అలవాటు. చెయ్యి దానంతటది చేసేసింది. తేదీ వెయ్యకుండా ఆమె ఏదీ అంటించదు. డాక్టరుగారిని పిలిచి చూపించింది కూడా, "చూడండి డాక్టరుగారూ, ఈ కాగితం చిరిగిందంటే నా గోడ కదులుతున్నట్టే, కాస్త తవ్వకం ఆపించండి." ఆయన పకపకా నవ్వి, "గోడకి కూడా కట్టు కట్టారా వదినా" అన్నాడు. అయిదో రోజు పట్టీ చిరిగింది. ఫోన్లో ఫోటో తీసి ఆయనకే పంపింది. ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మ పంపాడు, రెండు రోజులు తవ్వకం ఆపాడు, మూడో రోజు మళ్ళీ గునపాలు. ఫోన్లో ఉన్న గోడ ఫోటోలన్నీ లాయరు ఆఫీసుకి ఇచ్చేసింది, వాళ్ళు పెద్దవి చేసి ప్రింటు తీయించారు, "గోడ ఫోటో" అని రాసుకున్నారు. ఫోన్లో ఆ అక్షరాలు చీమతలకాయంత. పెద్దది చేస్తే చక్కగా, ఎవరైనా చదివేలా, ఏ గుడ్డివాడైనా చదివేలా. ఇవాళ పొద్దున తను దీని నాలుగు అంచులూ కొలిచి, వంకర లేకుండా అంటించింది. అంచులు మాత్రమే చూసింది.

జూన్ పద్నాలుగు నుంచి లెక్కపెడితే గడువు దాటి ఇరవై మూడు రోజులైంది. ఇరవై మూడు. అంటే లాయరమ్మాయి ముందు కూర్చున్న నాటికి ఇంకా గడువుంది, రేపు వేద్దాం ఎల్లుండి వేద్దాం అనుకున్న నాటికీ ఉంది, జూలై ఏడుదాకా టైముందిలెమ్మని ఇద్దరూ ధీమాగా ఉన్నారు. నష్టం ఎప్పుడు జరిగింది అని అడిగితే కూలిన రోజు చెప్పింది, ఎవరైనా అంతే చెబుతారు, మనిషి పోయాడంటే పోయిన రోజు చెబుతాం గానీ జ్వరం తగిలిన రోజు చెబుతామా? కానీ ఆ పిల్ల ఇంకో మాట కూడా అంది, అవును, అంది, "మీకు తెలిసిన రోజు నుంచి లెక్క ఆంటీ." తెలిసిన రోజు. తెలిసిందని తనే రాసి, గోడకి అంటించి, ఫోటో తీసి, ప్రతివాదికే పంపి, దావాకి కుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంత శ్రద్ధగా తన గొంతు తను కోసుకున్న మనిషి ఈ హాల్లో ఇంకొకరు ఉండరు. ఫోను తీసి నొక్కింది. లాయరమ్మాయి ఫోను కట్టేసి ఉంది, ఏ జడ్జి ముందో నిలబడి ఉంటుంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ. పగులు వేరు, కూలడం వేరు అని చెప్పొచ్చేమో, చదువుకున్నవాళ్ళు ఏదో ఒకటి చెబుతారు, గీత చూసి కోర్టుకి వెళ్తే ఏమనేవారు, గీతకి దావా ఏమిటమ్మా ఇంటికి పొమ్మనేవారు కారా? తెలియదు. తనకేం తెలుసు, తను అంచులు చూసే మనిషి. అవతలి లాయరు మాత్రం చదువుతాడు. చదివి, నాలుగో ఫోటో దగ్గర వేలు పెట్టి, నవ్వుతాడు, పకపకా. పిట్టగోడ మీద మోచేతులు కనిపించాయి. కార్లు కనిపించాయి, మామగారి బల్ల ఉన్న చోట, కత్తెర తగిలించే మేకు ఉన్న చోట, మెరుస్తూ రెండు కార్లు.

"చెల్లెమ్మా, నీళ్ళు తాగండి," కుర్చీలాయన సీసా చాచాడు. మొహం ఎలా ఉందో ఏమో తనది.

సీసా తీసుకుంది. "అన్నయ్యగారూ, టైము ఎప్పట్నుంచి లెక్కపెడతారు?"

"చెట్టు పడిన రోజునుంచి. నా చెట్టు ఒక్క దెబ్బకే పడింది చెల్లెమ్మా, మీది వాయిదాల మీద పడిందా?" అని నవ్వబోయి, ఆమె నవ్వకపోవడం చూసి, సీసా మూత తనే తీశాడు.

సీసా ఎత్తింది. నీళ్ళు రుమాలు మీద ఒలికాయి. ఒలికాయా, ఒంపిందా? తడిరుమాలు చేతిలో చల్లగా ఉంది, మెత్తగా ఉంది. మంచి జిగురంటే తడిపితే వదలాలమ్మా, అనేవాడు మామగారు, మనం అతికింది రేపు ఇంకొకడు విప్పుకోగలగాలి, విప్పినట్టు కూడా తెలియకూడదు, గట్టిదనం కుట్టులో ఉండాలి గానీ జిగురులో కాదు. అంచులకి మాత్రమే పూసింది. పొద్దున పూసిన జిగురు, పూర్తిగా రాయి కాలేదు. రెండువందల ఇరవై ఆరు అయింది అంకె, గుమాస్తా టీ తాగి వచ్చి హుషారుగా కొడుతున్నాడు ముద్రలు. ఆమె నాలుగో ఫోటో అంచున తడిరుమాలు ఆన్చింది. ఊరికే ఆన్చింది. ఏమీ చెయ్యడం లేదు, ఆన్చింది. ఒక పక్క, రెండో పక్క. సంచిలో ఎముక బద్ద ఉంది, కాగితం మడతలు నొక్కేది. గేటు దగ్గర గార్డు కత్తెర తీసేసుకున్నాడు గానీ దీన్ని దువ్వెన అనుకుని వదిలేశాడు. బద్ద కొసని మూల కింద దూర్చింది. వచ్చింది. చినగలేదు, ముడుచుకోలేదు, ఇంతటి పనితనంతో ఏ దొంగా తలుపు తియ్యడు. మొత్తం ఫోటో చేతిలోకి వచ్చాక గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, పక్కాయనకి వినిపిస్తుందేమోనని సంచిలో పెట్టేసి సంచిని గుండెకి అదుముకుంది. ఖాళీ కాగితం మీద నాలుగు వైపులా జిగురు తడి మెరుస్తోంది. ఇప్పుడు గోడ జూన్‌లో బాగానే ఉంది. వెంట్రుకంత గీత కూడా లేదు. తను ఎవరికీ ఏమీ చూపించలేదు, ఆయనేమీ నవ్వలేదు. మామగారి మొహం కళ్ళ ముందుకి రాబోతే, మీరు ఉండండి మామయ్యా, అంది మనసులో, మీరు కాసేపు అటు తిరగండి.

రెండువందల ముప్పై. గడియారంలో నాలుగూ నలభై ఎనిమిది. కుర్చీలాయన లేచి నిలబడి, ఆమె మోచెయ్యి పట్టుకుని లేపి, తన ముందుకి నెట్టాడు. "ముందు ఆవిడది చూడండి సార్. నాకేం కొంపలు అంటుకోవడం లేదు."

గుమాస్తా ఆమెని గుర్తుపట్టాడు. కట్టని అందుకుని, నిన్నటిలాగే పైకెత్తి ఊపాడు. ఒక్క కాగితం కదల్లేదు. ఇంకోసారి ఊపాడు. కనుబొమలు లేచాయి. "ఇదీ కట్టడమంటే. ఎవరు చేశారు?"

"నేనేనండి."

ఆ క్షణంలో కూడా, అంత గండంలో కూడా, లోపల ఏదో చిన్నది మురిసింది. అంతలోనే వేలు తడి చేసుకుని ఆయన పేజీలు తిప్పసాగాడు, పెదవుల కింద లెక్కపెడుతూ. ఇండెక్సు చూశాడు. మళ్ళీ తిప్పాడు. "ఫోటోలు తొమ్మిదని రాశారు. ఎనిమిదే ఉన్నాయి. నాలుగోది ఏదమ్మా?"

తొమ్మిది అని అక్కడ రాసి ఉందని తెలుసు, పొద్దున వరస చూసింది కూడా, అంకెలు వరసలో ఉన్నాయా లేదా. ముప్పై ఏళ్ళుగా ఆమె చూసేది అదొక్కటే, దాన్నే మరిచిపోయింది.

"ఊడిపోయిందండి," అంది.

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. తను అంటించింది ఊడిపోయిందని. ముప్పై ఏళ్ళలో ఎవరితోనూ, కోపమొచ్చిన ఖాతాదారుతో కూడా, అనని మాట. చెవులు వేడెక్కిపోయాయి. గుమాస్తా ఖాళీ కాగితం మీద వేలితో రాసి చూశాడు, తడి తగిలింది, వేలిని చొక్కాకి తుడుచుకున్నాడు. "లేకుండా తీసుకోనమ్మా. ఇండెక్సులో ఉంటే లోపల ఉండాలి. లేదంటే ఇండెక్సులో కొట్టేసి లాయరుగారి సంతకం పెట్టించుకు రండి."

"లాయరమ్మాయి కోర్టులో ఉందండి, ఫోను ఎత్తడం లేదు. ఇవాళే ఆఖరు రోజండి."

"అయితే ఫోటో తీసుకురండి." గడియారం చూశాడు. "పది నిమిషాలుంది. పక్కకి జరగండి. నెక్స్ట్."

పక్కకి జరిగింది. కిటికీ అరుగు మీద కట్ట పెట్టింది. పెడితే గడువు దాటిపోయిందని దావా పోవచ్చు. పెట్టకపోతే పది నిమిషాల్లో గడువే పోతుంది. చావడానికి రెండు దార్లు, అందులో ఒకటి ఇవాళే, ఇంకోటి ఎప్పుడో. అంతే తేడా. వెనక కౌంటరు దగ్గర కుర్చీలాయన గొంతు వినిపిస్తోంది, అవసరమైనదానికంటే గట్టిగా, నిదానంగా, "నాలుగువందల కుర్చీలు అన్నానా సార్, అందులో చేతులున్నవి నూట పది, చేతుల్లేనివి వేరే పేజీలో రాయాలా, ఒక్కచోటే రాయొచ్చా?" గుమాస్తా విసుక్కుంటున్నాడు. ఆయన మళ్ళీ అడుగుతున్నాడు. ఆ లావుపాటి వీపు కౌంటరు కిటికీని మొత్తం ఆక్రమించుకుని, షట్టరుకి అడ్డంగా నిలబడింది. తన కోసం నిలబడిందని ఆమెకి అర్థమై, అప్పుడు కళ్ళలో నీళ్ళు దూకాయి. తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. సంచిలోంచి ఫోటో తీసింది. జూన్ 14. పద్నాలుగులో నాలుగుకి తోక కూడా ఎంత స్పష్టంగా వేసిందో. జిగురు ఇంకా చావలేదు. తడివేలితో నాలుగు అంచులా రాసి ప్రాణం పోసింది. ఒక మూల కలిపింది, రెండో మూల కలిపింది. వంకరగా పెట్టొచ్చు, తేదీ మీద జిగురు మరక పడేలా వేలు జార్చొచ్చు, ఎవరూ అనుమానించరు, హడావిడిలో పడిందంటారు. వేలు తేదీ దాకా వెళ్ళింది. వెళ్ళి, ఆగి, పక్కనుంచి అంచుకి జరిగిపోయింది. చేతకాదు దానికి. నేర్పలేదు దానికి. రుమాలు పొడి మూల పరిచి, ఎముక బద్దతో మధ్యనుంచి బయటికి, మధ్యనుంచి బయటికి, గాలి లేకుండా, ముడత లేకుండా నొక్కింది. చూసుకుంటే అరచేతులు పొడిగా ఉన్నాయి.

నాలుగూ యాభై ఏడు. కుర్చీలాయన ఆమెని చూడగానే, "సరేలెండి, రెండూ ఒక్కచోటే రాయిస్తాను" అని పక్కకి తప్పుకున్నాడు. గుమాస్తా అప్పటికే పెన్నుల డబ్బా సర్దుతున్నాడు. కట్ట అందుకుని గబగబా లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో దాని దగ్గర ఆగాడు. వంగి చూశాడు. ఆయన చూపు పట్టీ మీద ఉందో, పగులు మీద ఉందో, తేదీ మీద ఉందో ఆమెకి తెలియలేదు. ఆయన చదువుతున్నాడా? ఇలాంటివాళ్ళు కూడా అంచులే చూస్తారా? అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. మొదటి పేజీకి తిప్పి ముద్ర ఎత్తి కొట్టాడు. ఊదారంగులో తేదీ పడింది, జూలై 7, కిందనే టైము. ఇప్పుడు ఒకే కుట్టులో, ఒకే దారంతో, రెండు తేదీలు. ఒకటి కోర్టు వేసింది, ఒకటి తను వేసింది, ఏది నెగ్గుతుందో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. చేతిలోకి రసీదు వచ్చింది. గుమాస్తా ఇంకా కట్టని వదల్లేదు. నాలుగో ఫోటో దగ్గరికి మళ్ళీ తిప్పి, మూలని గోటితో గీకి, లాగి చూశాడు.

"ఇక ఊడదు కదా? మధ్యలో ఊడితే పూచీ మాది కాదు."

సెల్లులో లాయరమ్మాయి పేరు వెలుగుతోంది, సంచిలో గుర్రుమంటోంది. ఊడిపోనీ అని అనాలనుంది. ఊడిపోతే బావుండునండీ అని కాళ్ళ మీద పడాలనుంది. కానీ పని గురించి ఎవరైనా అడిగితే ముప్పై ఏళ్ళుగా ఆమె చెప్పే జవాబు ఒక్కటే, అదే వచ్చింది.

"నేను అంటించింది ఊడదండి," అంది. షట్టరు దిగింది.